నేర న్యాయ సంస్కరణలు – కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

నేరం జరిగిన సమాచారం అందినప్పటి నుండి దోషికి శిక్ష అమలై, బాధితులకు పరిహారం అందే వరకు పనిచేసే పోలీసు, ప్రాసిక్యూషన్, న్యాయస్థానం, కారాగారం అనే నాలుగు అంగాల సముదాయాన్ని నేర న్యాయ వ్యవస్థ అంటారు. ఈ అంగాలకు ఆధారమైన చట్టాలలోను, వాటి నిర్వహణ పద్ధతులలోను ప్రభుత్వం లేదా శాసన వ్యవస్థ ఉద్దేశపూర్వకంగా తెచ్చే మార్పులు నేర న్యాయ సంస్కరణలు. ఉత్తర తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలకు ఈ సంస్కరణలతో రెండు విధాల సంబంధం ఉంది. కేంద్ర హోంశాఖలో బాధ్యతలు నిర్వహించిన ముగ్గురు నాయకులు పి.వి.నరసింహారావు, చెన్నమనేని విద్యాసాగర్ రావు, బండి సంజయ్ కుమార్ కరీంనగర్ ప్రాంతం నుండి వచ్చినవారు కావడం మొదటిది. నిర్బంధ చట్టాలు, ఎన్‌కౌంటర్లు, ఉరిశిక్షలు, ఆదివాసీల భూ వివాదాలు మొదలైన అంశాలలో జాతీయ స్థాయి న్యాయచర్చకు దారితీసిన సంఘటనలు ఈ రెండు జిల్లాలలో జరగడం రెండవది. 2024 జూన్‌లో కరీంనగర్ లోక్‌సభ సభ్యుడు బండి సంజయ్ కుమార్ కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగా నియమితులైన కొద్ది రోజులకే, జూలై 1 నుండి మూడు కొత్త నేర చట్టాలు దేశమంతటా అమలులోకి రావడంతో ఈ విషయం ప్రాంతీయంగా కొత్త ప్రాధాన్యం పొందింది.

పరిధి, రాజ్యాంగ స్థానం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు, కారాగారాలు రాష్ట్ర జాబితాలోని విషయాలు కాగా, నేర చట్టం, నేర ప్రక్రియ, అంటే కేసు నమోదు, దర్యాప్తు, విచారణలు జరిగే పద్ధతి, ఉమ్మడి జాబితాలోనివి. అందువల్ల శిక్షలను, విచారణ నియమాలను పార్లమెంటు నిర్ణయించినా, వాటిని అమలు చేసే స్టేషన్ హౌస్ అధికారి, పబ్లిక్ ప్రాసిక్యూటర్, జైలు సూపరింటెండెంట్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే. జిల్లా న్యాయస్థానాలపై పర్యవేక్షణాధికారం హైకోర్టుది. కేంద్ర హోంశాఖ చట్టాల ముసాయిదాలను రూపొందించి, రాష్ట్రాలకు నిధులు, సాంకేతిక వ్యవస్థలు, మార్గదర్శకాలు సమకూరుస్తుంది; రాష్ట్ర పోలీసులకు దైనందిన ఆదేశాలు ఇచ్చే అధికారం దానికి లేదు.

సహాయ మంత్రి కేబినెట్ మంత్రి ఆధ్వర్యంలో, తనకు కేటాయించిన విభాగాలను చూస్తూ, పార్లమెంటులో ప్రశ్నలకు సమాధానాలిస్తూ, శాఖ తరఫున రాష్ట్రాలతో సంప్రదింపులు జరిపే పదవి. 2024లో ఏర్పడిన ప్రభుత్వంలో అమిత్ షా హోంమంత్రిగాను, నిత్యానంద్ రాయ్, బండి సంజయ్ కుమార్ సహాయ మంత్రులుగాను ఉన్నారు. కాబట్టి ఈ కాలపు సంస్కరణలను ఒక వ్యక్తి ప్రణాళికగా కాక, ఆ శాఖ సమష్టి కార్యక్రమంగా పరిగణించవలసి ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

నిజాం కాలం. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ పాలనా సంస్కరణలతో హైదరాబాద్ రాజ్యంలో జిల్లా స్థాయి న్యాయస్థానాలు క్రమబద్ధమయ్యాయి. ఎలగందుల కేంద్రంగా ఉన్న జిల్లాకు 1905లో కరీంనగర్ కేంద్రమైంది. 1921లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జారీచేసిన ఫర్మానా న్యాయ విధులను రెవెన్యూ, పరిపాలన విధుల నుండి వేరుచేసింది. పన్ను వసూలు చేసే అధికారే తీర్పు చెప్పే పద్ధతికి ఇది చట్టరీత్యా ముగింపు పలికింది. అయితే గ్రామాలలో దేశ్‌ముఖులు, పటేల్, పట్వారీల ప్రాబల్యం కొనసాగినందున ఈ విభజన ఫలితం సామాన్య రైతుకు పరిమితంగానే అందింది.

ఆదిలాబాద్ అటవీ ప్రాంతంలో పోడు భూములపై ఆంక్షలకు వ్యతిరేకంగా సాగిన గోండుల పోరాటానికి నాయకత్వం వహించిన కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో మరణించారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చేత ఆదివాసీల స్థితిగతులను అధ్యయనం చేయించింది. 1940వ దశకం చివరలో వచ్చిన గిరిజన ప్రాంతాల నిబంధనలు ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక పరిపాలనను కల్పించి, స్థానిక పంచాయతీలకు చిన్న వివాదాల పరిష్కారంలో స్థానమిచ్చాయి. నేరంగా నమోదయ్యే ఘర్షణల వెనుక పరిష్కారం కాని భూ సమస్య ఉండవచ్చునన్న గుర్తింపు ఈ విధానంలో ఉంది.

విలీనానంతర దశ. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత, 1951లో పార్లమెంటు చేసిన చట్టాల ద్వారా 1860 నాటి భారత శిక్షాస్మృతి, నేర ప్రక్రియా స్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం ఈ ప్రాంతానికి వర్తించాయి. 1973లో కొత్త నేర ప్రక్రియా స్మృతి వచ్చింది. న్యాయ మేజిస్ట్రేటులను, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటులను స్పష్టంగా వేరుచేయడం అందులోని ముఖ్యాంశం.

ఉరిశిక్ష, క్షమాభిక్ష. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన నక్సలైటు రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబరు 1న, హైదరాబాద్ ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. వారి తరఫున న్యాయవాది కె.జి.కన్నబిరాన్ తదితరులు న్యాయపోరాటం చేశారు. క్షమాభిక్షపై రాష్ట్రపతి నిర్ణయంలో న్యాయస్థానం ఏ మేరకు జోక్యం చేసుకోవచ్చునన్న ప్రశ్నపై ఆ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ రాసిన తీర్పు నేటికీ ప్రస్తావనకు వస్తుంది. రాజకీయ ఉద్దేశంతో చేసిన నేరాన్ని సాధారణ నేరం నుండి వేరుగా చూడాలా అన్నది ఆనాటి చర్చలో కేంద్రాంశం.

కల్లోలిత ప్రాంతాల ప్రకటన. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల భారీ ప్రదర్శన తరువాత వ్యవసాయ పోరాటం విస్తరించడంతో, అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ చట్టం నిర్ణీత హోదా గల పోలీసు అధికారికి, హెచ్చరిక అనంతరం కాల్పులు జరిపే ప్రత్యేకాధికారం ఇస్తుంది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించగా, పౌరహక్కుల సంఘాలు ఆ సంఖ్య అంతకు ఎన్నో రెట్లు ఉంటుందని పేర్కొన్నాయి.

ఎన్‌కౌంటర్ మరణాలపై న్యాయ నియమాలు. పోలీసుల కాల్పులలో మరణం సంభవించిన ప్రతి సందర్భంలోను కేసు నమోదు చేసి దర్యాప్తు జరపాలని, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న వాదనను విచారణలోనే రుజువు చేయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2010 జూలైలో ఆదిలాబాద్ జిల్లా అడవులలో మావోయిస్టు నాయకుడు ఆజాద్, పాత్రికేయుడు హేమచంద్ర పాండే మరణించిన ఘటనపై సుప్రీంకోర్టు పర్యవేక్షణలో కేంద్ర దర్యాప్తు సంస్థ విచారణ జరిపి, అది నిజమైన ఎదురుకాల్పుల ఘటనేనని నివేదించింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మరొక కేసులో ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలను నిర్దేశించింది. కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ వాటిలో ముఖ్యమైనవి.

హోంశాఖలో కరీంనగర్ నాయకులు

పి.వి.నరసింహారావు (1921–2004). ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగర గ్రామానికి చెందిన నరసింహారావు 1957 నుండి 1977 వరకు మంథని శాసనసభ్యులుగా ఉంటూ, 1962–67 మధ్య ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖను నిర్వహించారు. 1984 జూలై నుండి డిసెంబరు వరకు కేంద్ర హోంమంత్రిగా ఉన్నారు. ఇందిరాగాంధీ హత్యానంతరం ఢిల్లీలో సిక్కులపై జరిగిన హింసను సకాలంలో అదుపుచేయడంలో హోంశాఖ విఫలమైందన్న విమర్శ ఆయన పదవీకాలంపై ఉంది. 1991లో కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ నాయకుడిగా ఎన్నికై ప్రధానమంత్రి అయిన తరువాత, మానవ హక్కుల పరిరక్షణ చట్టం (1993) ద్వారా జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. నేరస్థులు, రాజకీయ నాయకులు, అధికారుల మధ్య సంబంధాలను పరిశీలించడానికి వోహ్రా కమిటీ అదే సంవత్సరం నియమితమైంది. ఉగ్రవాద నిరోధానికి ఉద్దేశించిన టాడా చట్టం దుర్వినియోగంపై తీవ్ర విమర్శలు రావడంతో 1995 మేలో దాని గడువును పొడిగించలేదు. 1987లో చేసిన న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చి, పేద నిందితులకు, బాధితులకు ఉచిత న్యాయ సహాయం చట్టబద్ధమైన హక్కుగా రూపొందింది.

నరసింహారావు పేరు నేర న్యాయ చరిత్రలో మరొక విధంగాను నిలిచింది. పార్లమెంటులో ఓటు కోసం లంచం తీసుకున్న సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని 1998లో ఆయన పేరున ఉన్న కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును, 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో తోసిపుచ్చింది. లంచం కేసులో నరసింహారావును 2000లో ప్రత్యేక న్యాయస్థానం దోషిగా నిర్ధారించగా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది.

చెన్నమనేని విద్యాసాగర్ రావు. మెట్‌పల్లి నుండి మూడుసార్లు శాసనసభకు, కరీంనగర్ నుండి 1998, 1999లలో లోక్‌సభకు ఎన్నికైన విద్యాసాగర్ రావు, అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రభుత్వంలో 1999 నుండి 2003 వరకు హోంశాఖ సహాయ మంత్రిగా పనిచేశారు. ఆ కాలంలో హోంశాఖ నియమించిన రెండు సంఘాలు తరువాతి సంస్కరణలకు పునాది వేశాయి. మొదటిది పోలీసు సంస్కరణలపై మాజీ హోం కార్యదర్శి కె.పద్మనాభయ్య అధ్యక్షతన 2000లో ఏర్పడిన కమిటీ. రెండవది జస్టిస్ వి.ఎస్.మళీమఠ్ అధ్యక్షతన 2000 నవంబరులో ఏర్పడి, 2003లో 158 సిఫారసులతో నివేదిక సమర్పించిన నేర న్యాయ సంస్కరణల కమిటీ; విశాఖపట్నానికి చెందిన న్యాయవాది డి.వి.సుబ్బారావు అందులో సభ్యులు.

మళీమఠ్ కమిటీ ప్రధాన సూచన విచారణ పద్ధతికి సంబంధించినది. భారతదేశంలో అనుసరించే ప్రత్యర్థి పద్ధతిలో ఇరుపక్షాలు వాదిస్తుండగా న్యాయమూర్తి తటస్థంగా వింటారు. కొన్ని ఐరోపా దేశాలలోని అన్వేషణ పద్ధతిలో సత్యాన్ని కనుగొనే బాధ్యతను న్యాయాధికారి స్వయంగా తీసుకుంటారు. రెండవ పద్ధతిలోని కొన్ని లక్షణాలను స్వీకరించాలని, సీనియర్ పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన నేరాంగీకారాన్ని షరతులతో సాక్ష్యంగా అనుమతించాలని, బాధితులకు విచారణలో స్థానం, పరిహారం కల్పించాలని కమిటీ సూచించింది. రుజువు ప్రమాణాన్ని సడలించడం, నేరాంగీకారం అనే అంశాలు నిందితుల హక్కులకు విఘాతమన్న విమర్శతో చట్టరూపం దాల్చలేదు. నేరాన్ని అంగీకరించి తక్కువ శిక్ష పొందే విధానం 2006లోను, బాధితుల పరిహార పథకం 2009 చివరిలోను అమలులోకి వచ్చాయి.

ఇదే కాలంలో ఉగ్రవాద నిరోధక చట్టం (పోటా) 2002 మార్చిలో పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశంలో ఆమోదం పొంది, 2004లో రద్దయింది. శాసనసభ మాజీ స్పీకర్ డి.శ్రీపాదరావు 1999 ఏప్రిల్‌లో కరీంనగర్ జిల్లాలో నక్సలైటు సంస్థ పీపుల్స్‌వార్ చేతిలో హత్యకు గురికావడం, పోలీసులపైన, ప్రజాప్రతినిధులపైన దాడులు పెరగడం ఆనాటి కఠిన చట్టాల సమర్థకులు పేర్కొన్న కారణాలలో ఉన్నాయి.

బండి సంజయ్ కుమార్ (జననం 1971). కరీంనగర్ నుండి 2019లో తొలిసారి, 2024లో 2,25,209 ఓట్ల ఆధిక్యంతో రెండవసారి లోక్‌సభకు ఎన్నికైన సంజయ్ కుమార్, 2020 మార్చి నుండి 2023 జూలై వరకు భారతీయ జనతా పార్టీ తెలంగాణ శాఖకు అధ్యక్షులుగా ఉండి, 2024 జూన్ 9న కేంద్ర సహాయ మంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన చేరిన నాటి హోంశాఖ కార్యక్రమంలో నాలుగు అంశాలు ప్రధానమైనవి: కొత్త నేర చట్టాల అమలు, ఫోరెన్సిక్ విజ్ఞాన సదుపాయాల విస్తరణ, కారాగార సంస్కరణ, 2026 మార్చి 31 నాటికి వామపక్ష తీవ్రవాదాన్ని నిర్మూలించాలన్న లక్ష్యం. ఆయుధాలు పట్టినవారితో చర్చలు ఉండవని సంజయ్ కుమార్ పలు సందర్భాలలో ప్రకటించారు.

కొత్త నేర చట్టాలు: రూపకల్పన

2020 మేలో ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి రణబీర్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనలను స్వీకరించిన అనంతరం, 2023 ఆగస్టు 11న మూడు బిల్లులు లోక్‌సభ ముందుకు వచ్చాయి. హోం వ్యవహారాల స్థాయీ సంఘం పరిశీలన తరువాత వాటిని ఉపసంహరించి, డిసెంబరు 12న సవరించిన బిల్లులను ప్రవేశపెట్టారు. లోక్‌సభ డిసెంబరు 20న, రాజ్యసభ 21న ఆమోదించగా, 25న రాష్ట్రపతి సమ్మతి లభించింది. భారత శిక్షాస్మృతిలోని 511 సెక్షన్ల స్థానంలో భారతీయ న్యాయ సంహితలో 358, నేర ప్రక్రియా స్మృతిలోని 484 సెక్షన్ల స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 531, సాక్ష్య చట్టంలోని 167 సెక్షన్ల స్థానంలో భారతీయ సాక్ష్య అధినియంలో 170 సెక్షన్లు ఉన్నాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. కాబట్టి న్యాయస్థానాలు చాలాకాలం రెండు చట్టాలను సమాంతరంగా అనుసరించవలసి ఉంటుంది.

మార్పుల రకాలు

నేరాల నిర్వచనంలో మార్పులు. న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరం (సెక్షన్ 111), ఉగ్రవాద చర్య (113), కులం లేదా సముదాయం, భాష వంటి కారణాలతో ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది కలిసి చేసే హత్య (103 లోని 2వ ఉపసెక్షన్), గొలుసు దొంగతనం వంటి లాగుడు నేరం (304) కొత్తగా చేరాయి. రాజద్రోహం పేరుతో ఉన్న పాత సెక్షన్ తొలగి, దేశ సార్వభౌమత్వానికి, సమగ్రతకు ముప్పు కలిగించే చర్యలపై సెక్షన్ 152 వచ్చింది. రూ.5,000 లోపు విలువ గల మొదటి దొంగతనంలో సొత్తు తిరిగి అప్పగించినప్పుడు, మద్యం మత్తులో బహిరంగంగా దుష్ప్రవర్తనకు పాల్పడినప్పుడు, పరువునష్టం వంటి మొత్తం ఆరు రకాల చిన్న నేరాలలో సమాజసేవను శిక్షగా విధించవచ్చు.

ప్రక్రియలో మార్పులు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మరే స్టేషన్‌లోనైనా ఫిర్యాదు స్వీకరించి, తరువాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసే పద్ధతి జీరో ఎఫ్‌ఐఆర్. ఇది పూర్వం న్యాయస్థానాల తీర్పులు, మార్గదర్శకాలపై ఆధారపడి ఉండగా, సురక్షా సంహిత సెక్షన్ 173 దానికి చట్టబద్ధత కల్పించింది. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపిన ఫిర్యాదుపై మూడు రోజులలో సంతకం చేస్తే అది నమోదవుతుంది. సోదా, స్వాధీనం ప్రక్రియలను దృశ్య, శ్రవణ రూపంలో చిత్రీకరించాలని సెక్షన్ 105 ఆదేశిస్తుంది. దర్యాప్తు పురోగతిని 90 రోజులలో బాధితులకు తెలపాలి. వాదనలు ముగిసిన 30 రోజులలో తీర్పు చెప్పాలి. కారణాలు నమోదు చేసి దీనిని 45 రోజులకు పొడిగించవచ్చు.

నిర్బంధానికి సంబంధించిన మార్పులు. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులకు మించకూడదన్న పరిమితి కొనసాగినా, దానిని ఒకేసారి కాక తొలి 40 లేక 60 రోజులలో విడతలుగా కోరే వీలు కలిగింది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా నిర్ధారణ కాని విచారణ ఖైదీ, అంటే తీర్పు రాకముందే జైలులో ఉన్న నిందితుడు, ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడింట ఒక వంతు కాలం గడిపితే బెయిలుకు అర్హుడు. ఇతరులకు ఈ పరిమితి సగం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించిన కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ సౌకర్యం లేదు. ఈ నియమం పాత కేసులకు కూడా వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సాక్ష్యంలో మార్పులు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలాన్ని సందర్శించి ఆధారాలు సేకరించడాన్ని సురక్షా సంహిత సెక్షన్ 176 తప్పనిసరి చేసింది. రాష్ట్రాలు దీనిని ఐదేళ్ల లోపు నోటిఫై చేయాలి. ఎలక్ట్రానిక్ పత్రాలకు కాగితపు పత్రాలతో సమానమైన సాక్ష్య విలువను సాక్ష్య అధినియం ఇస్తుంది, అయితే అవి ఎక్కడ, ఎలా సేకరించబడ్డాయో తెలిపే ధ్రువపత్రం అవసరం.

అమలు యంత్రాంగం

పోలీసు. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో ఉమ్మడి ఆదిలాబాద్ నుండి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలు, ఉమ్మడి కరీంనగర్‌లోని ప్రధాన భాగం నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. అదే సమయంలో కరీంనగర్ కమిషనరేటు, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలతో రామగుండం కమిషనరేటు వచ్చాయి. దేశంలోని స్టేషన్ల రికార్డులను అనుసంధానించే నేరాలు, నేరస్థుల జాడ వ్యవస్థ (సీసీటీఎన్ఎస్) కొత్త చట్టాల అమలుకు ఆధారం.

ఫోరెన్సిక్ సదుపాయాలు. 2024 జూన్ 19న కేంద్ర మంత్రివర్గం 2024–25 నుండి 2028–29 వరకు రూ.2,254.43 కోట్లతో జాతీయ ఫోరెన్సిక్ మౌలిక సదుపాయాల విస్తరణ పథకాన్ని ఆమోదించింది. ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, కేంద్ర ప్రయోగశాలల స్థాపన ఇందులో భాగం. నిపుణుల సంఖ్య పెరగకుండా సెక్షన్ 176 పూర్తిగా అమలు కాదు గనుక సంస్కరణల మొత్తం కాలక్రమం ఈ పథకంపై ఆధారపడి ఉంది.

ప్రాసిక్యూషన్. ప్రభుత్వం తరఫున నేరాన్ని రుజువు చేసే న్యాయవాదుల వ్యవస్థ ఇది. రాష్ట్ర స్థాయి డైరెక్టరేటుతోపాటు జిల్లా డైరెక్టరేట్లకు సురక్షా సంహిత సెక్షన్ 20 వీలు కల్పిస్తుంది. అభియోగపత్రాల పరిశీలన, కేసుల వేగం, అప్పీలు దాఖలుపై అభిప్రాయం వీటి విధులు.

న్యాయస్థానాలు. 2022 జూన్ 2న తెలంగాణలో 33 జిల్లాలకూ వేర్వేరు న్యాయ జిల్లాలు అమలులోకి రావడంతో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లకు ప్రత్యేక జిల్లా న్యాయస్థానాలు లభించాయి. వేగవంతమైన విచారణకు ఈ ప్రాంతంలో ప్రముఖ ఉదాహరణ, 2019 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఒక దళిత మహిళపై జరిగిన సామూహిక అత్యాచారం, హత్య కేసు; ఆదిలాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష విధించింది. సెషన్స్ న్యాయస్థానం విధించిన మరణశిక్ష హైకోర్టు ధ్రువీకరణ లేకుండా అమలు కాదు.

కారాగారాలు. జాతీయ నేర గణాంక సంస్థ వివరాల ప్రకారం 2022 చివరిలో దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది, అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు, విచారణ ఖైదీలే. జామీను సొమ్ము లేక నిర్బంధంలో ఉన్న విచారణ ఖైదీకి రూ.40,000 వరకు, జరిమానా చెల్లించలేని శిక్షిత ఖైదీకి రూ.25,000 వరకు సహాయపడే కేంద్ర పథకం 2023లో మొదలైంది. అదే సంవత్సరం ఆదర్శ కారాగార చట్టం ముసాయిదా రాష్ట్రాలకు చేరింది, కారాగారాలు రాష్ట్ర విషయం గనుక దీనిని స్వీకరించడం రాష్ట్రాల నిర్ణయం (చూ. పరిధి, రాజ్యాంగ స్థానం).

ప్రాంతీయ ప్రత్యేకతలు

సరిహద్దు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మహారాష్ట్రలోని నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలను ఆనుకొని ఉంది. పెన్‌గంగ, ప్రాణహిత నదుల వెంబడి జరిగే నేరాలలో ఏ స్టేషన్ పరిధి అన్న వివాదం జీరో ఎఫ్‌ఐఆర్ వలన ఫిర్యాదు దశలో అడ్డంకి కాబోదు.

ఆదివాసీ సమాజం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల గోండులలో రాయ్ సెంటర్ అనే సంప్రదాయ వేదికలు ఉన్నాయి. వాటి పెద్దను సార్‌మేడి అంటారు. కుటుంబ, భూ, కులాచార వివాదాలు ముందుగా అక్కడ చర్చకు వస్తాయి. తీవ్రమైన నేరాలపై అధికారం మాత్రం చట్టబద్ధమైన న్యాయస్థానాలదే. గోండి, కొలామి మాత్రమే తెలిసిన సాక్షులకు, నిందితులకు విచారణ అర్థమయ్యేలా అనువాదకుల ఏర్పాటు న్యాయమైన విచారణలో అంతర్భాగం. ఎలక్ట్రానిక్ ఫిర్యాదు, దృశ్య మాధ్యమ హాజరు వంటి సదుపాయాలు అటవీ గ్రామాలలో సంకేతాలు, విద్యుత్తు లభ్యతపై ఆధారపడతాయి.

గల్ఫ్ వలసలు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు పెద్ద సంఖ్యలో కార్మికులు వెళతారు. నకిలీ ఏజెంట్ల మోసాలు ఇక్కడి స్టేషన్లకు తరచు వచ్చే ఫిర్యాదులు. పరారీలో ఉన్న నిందితుడు లేకుండానే విచారణ జరపడానికి సురక్షా సంహిత సెక్షన్ 356 వీలు కల్పించినా, పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో ప్రకటిత నేరస్థులకే అది పరిమితం. మోసానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కావడంతో, సాధారణ ఏజెంటు మోసాలు ఆ సెక్షన్ పరిధిలోకి రావు.

మావోయిస్టు ఉద్యమం. ఈ ప్రాంతం నుండి అనేకమంది అగ్రనాయకులు వచ్చారు. పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలోను, అదే ప్రాంతానికి చెందిన పుల్లూరి ప్రసాదరావు అదే నెలలో తెలంగాణ పోలీసుల ఎదుటను లొంగిపోయారు. లొంగిపోయినవారిపై పెండింగు కేసుల పరిష్కారం, బాధిత కుటుంబాల హక్కులు, పునరావాసం అనే మూడు ప్రశ్నలు ఈ దశలో నేర న్యాయ వ్యవస్థ ముందుకు వచ్చాయి.

సమర్థన, విమర్శ

వలస పాలకులు రూపొందించిన శిక్షాస్మృతి స్థానంలో బాధితులకు ప్రాధాన్యమిచ్చే చట్టాలు వచ్చాయని, గడువులు నిర్దేశించడం వలన కేసుల జాప్యం తగ్గుతుందని, చిత్రీకరణ, ఫోరెన్సిక్ ఆధారాల వలన దర్యాప్తులో మౌఖిక సాక్ష్యంపైన, బలవంతపు ఒప్పుకోళ్లపైన ఆధారపడటం తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వం చెబుతుంది.

ప్రతిపక్షాలు, న్యాయవాద సంఘాలు, పౌరహక్కుల సంస్థలు లేవనెత్తిన అభ్యంతరాలు ముఖ్యంగా నాలుగు. ఉభయసభలలో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండయిన సమావేశాలలో బిల్లులు ఆమోదం పొందినందున తగిన చర్చ జరగలేదన్నది మొదటిది. పాత సెక్షన్లలో అధికభాగం సంఖ్యలు మారి కొనసాగినందున మార్పు వల్ల కలిగే ప్రయోజనం కన్నా గందరగోళం ఎక్కువన్నది రెండవది. విడతల కస్టడీ వలన బెయిలు ఆలస్యమై, నిర్బంధంలో వేధింపులకు అవకాశం పెరుగుతుందన్నది మూడవది. గతంలో నిర్బంధ చట్టాలను చవిచూసిన ఈ ప్రాంతంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. సెక్షన్ 152, ఉగ్రవాద నిర్వచనం విస్తృతంగా ఉండి భిన్నాభిప్రాయాన్ని నేరంగా మార్చగలవన్నది నాల్గవది. ప్రమాదం చేసి సమాచారమివ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు శిక్ష విధించే న్యాయ సంహిత సెక్షన్ 106 లోని 2వ ఉపసెక్షన్, 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె తరువాత, మిగిలిన చట్టంతోపాటు అమలులోకి రాలేదు.

ప్రాముఖ్యం

నిజాం కాలపు అధికార విభజన నుండి 2024 నాటి సంహితల వరకు ఈ ప్రాంత చరిత్ర పరిశీలిస్తే, చట్టపాఠంలోని మార్పు, క్షేత్రస్థాయి ఆచరణ ఒకే వేగంతో సాగలేదని స్పష్టమవుతుంది. న్యాయ సహాయ చట్టం అమలుకు ఎనిమిదేళ్లు పట్టడం, మళీమఠ్ కమిటీ సిఫారసులలో కొన్నే చట్టరూపం దాల్చడం ఇందుకు నిదర్శనాలు. ముగ్గురు కరీంనగర్ నాయకులు హోంశాఖలో పనిచేసిన కాలాలలో రాజకీయ పక్షాలు, పరిస్థితులు వేరైనా, ప్రజల భద్రతను, నిందితుల హక్కులను ఏకకాలంలో కాపాడడం ఎలా అన్న సమస్య మారలేదు. కొత్త సంహితల ఫలితాన్ని నిర్ణయించేవి ఫోరెన్సిక్ నిపుణుల నియామకం, ప్రాసిక్యూటర్ల సంఖ్య, న్యాయాధికారుల ఖాళీల భర్తీ, విచారణ ఖైదీల విడుదల, ఆదివాసీ భాషలలో న్యాయసేవల లభ్యత. వీటిలో మొదటిదానికి కేంద్ర నిధులు మంజూరు కాగా, మిగిలినవాటి బాధ్యత ప్రధానంగా తెలంగాణ ప్రభుత్వం, హైకోర్టు, న్యాయసేవల అధికార సంస్థలపై ఉంది.